పాత రింగు మీద కొత్త రింగు

కారు డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపాలన్నిటిలోకీ ఆయిల్ దీపం చిన్నది. పైగా నోరు లేనిది. హారనులా అరవదు, సైలెన్సరులా దగ్గదు. ముక్కులోంచి చుక్క కారుతున్న నూనెడబ్బా బొమ్మ ఒకటి ఎర్రగా వెలుగుతుంది, అంతే. అందుకే జనానికి అదంటే లోకువ. పొద్దుటినుంచీ వెలుగుతూనే ఉంది, బండి బాగానే పోతోంది కదా అని ఊరుకున్నాం అంటూ, ఇంజను కాస్తా పట్టేశాక కారుకి తాడుకట్టి లాక్కొచ్చేవాళ్ళని పెద్ద మేస్త్రి తన జన్మలో ఎంతమందిని చూశాడో. అలాంటివాళ్ళని ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ తిట్టేవాడు. తిట్టడం అయ్యాక టీ తెప్పించేవాడు. ఆ తిట్లు తిని, ఆ టీ తాగి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ ఇంకో షెడ్డు గడప తొక్కలేదు.

షెడ్డు పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, నూనె తాగి తాగి నల్లబడ్డ నేల, కార్ల కింద దిగి పనిచేసే గొయ్యి ఒకటి. పక్కన టైర్ల షాపు. ఎదురుగా పళ్ళ డాక్టరు. ఇక్కడ ఇంజన్లు మూలుగుతుంటే అక్కడ మనుషులు మూలిగేవాళ్ళు. మధ్యాహ్నాలు పేషెంట్లు లేనప్పుడు డాక్టరు వచ్చి పెద్ద మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. పీకడమే తప్ప మళ్ళీ బిగించడం రాని పని నీదొక పనా అని పెద్ద మేస్త్రి ఆయన్ని ఆటపట్టించేవాడు.

పెద్ద మేస్త్రికి కొన్ని పట్టింపులుండేవి. ఆయిల్ దీపం వెలిగిందని ఎవరైనా వస్తే, వెంటనే దాన్ని వెలిగించే స్విచ్చి మార్చేసి పంపేవాడు ఆయన దృష్టిలో మెకానిక్కే కాదు. ముందు ఇంజను ఆపించాలి. ఇంజనులో నూనె కొలిచే పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి, ఎంతుందో చూడాలి. తర్వాత బండి కింద తల పెట్టి ఎక్కడైనా కారుతోందా అని చూడాలి. అన్నీ సవ్యంగా ఉంటే అప్పుడు స్విచ్చిని అనుమానించాలి. అదీ గేజీ బిగించి ప్రెషరు చూశాకే. దీపం అబద్ధం చెబుతోందని తేల్చడానికి ముందు, అది నిజం చెబుతోందేమోనని వందసార్లు అనుకోవాలి అనేవాడు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు ఫిల్టరు దగ్గర. నూనె మార్చినప్పుడల్లా పాత ఆయిల్ ఫిల్టరు విప్పి కొత్తది బిగించాలి కదా. చాలా కార్లలో అది ఇంజను వెనకాల, కన్ను ఆనని చోట ఉంటుంది. ఫిల్టరు అంచుకి ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టరు విప్పినప్పుడు ఒక్కోసారి ఆ రింగు దానితో రాదు, ఇంజనుకే అంటుకుపోతుంది. చూసుకోకుండా దాని మీద కొత్త ఫిల్టరు బిగించారా, రింగు మీద రింగు పడుతుంది. ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత నడిరోడ్డు మీద ఏదో ఒక క్షణాన ప్రెషరుకి పాత రింగు పక్కకి జారి, నూనంతా బుస్సున బయటికి పోతుంది. అందుకని పెద్ద మేస్త్రి ఆ చోటుని గుడ్డతో తుడిచి, చూపుడువేలు చుట్టూ తిప్పి చూసేవాడు. "కన్ను ఆశపడుతుందిరా. వేలు ఆశపడదు. వేలు చెప్పిందే నమ్ము" అనేవాడు. ఆ ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు. ఒకసారి తను ఊళ్ళో లేనప్పుడు బంగారంలాంటి పనివాడొకడు రింగు మీద రింగు బిగించాడని, ఏడుస్తున్నా వినకుండా ఆ పూటకాపూట పంపేశాడు.

ఇక చిన్న మేస్త్రి. అంటే ఆయన బావమరిది. అక్క పెళ్ళినాటికి అతనికి పాలపళ్ళు ఊడుతున్నాయి. తల్లీ తండ్రీ లేరు. తమ్ముడు తనతోనే వస్తాడని అక్క పెళ్ళిమాటలప్పుడే తెగేసి చెప్పింది. రానీ, స్పానర్లు అందించడానికి నాకూ ఓ మనిషి కావాలి అన్నాడట పెళ్ళికొడుకు. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. కొడుకనుకున్నా, తమ్ముడనుకున్నా ఆ ఇంట్లో ఇతనొక్కడే. బావ చేత తిట్లు తిన్నాడు, మొట్టికాయలు తిన్నాడు, బావ కంచంలోనే అన్నమూ తిన్నాడు. ఇప్పుడు అతనికీ చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అయినా బావ ఎదుట నోరెత్తి ఎరగడు. భయమా అంటే భయం కాదు. ఆ మనిషి మొహం చిన్నబోతే చూడలేడు, అంతే. ఆ బలహీనతే చివరికి కొంప ముంచింది.

ఒకరోజు మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ ఫోను చేసింది. రైలు గేటు దగ్గర కారులో ఆయిల్ దీపం వెలిగిందిట. పెద్ద మేస్త్రి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. భోజనం అయ్యాక కాసేపు నడుం వాల్చడం ఆయనకి అలవాటు. చిన్న మేస్త్రి వెళ్ళి కారుని లాక్కొచ్చాడు. "దీపం కనిపించగానే ఆపేశానండీ. ముందు ఆపు, తర్వాత ఆలోచించు అని మీ బావగారు చెప్పారుగా" అంది టీచరమ్మ, పాఠం ఒప్పజెప్పిన పిల్లలా.

చిన్న మేస్త్రి పుల్ల తీసి చూశాడు. తడి లేదు. తుడిచి మళ్ళీ ముంచాడు. కొనకు కూడా అంటలేదు. కింద తల పెట్టి చూస్తే ఇంజను అడుగంతా నూనె. అదీ నల్లటి పాత నూనె కాదు, తేనెరంగు కొత్త నూనె. అడుగు బోల్టు గట్టిగానే ఉంది. డబ్బాతో నూనె పోసి, తాళం ఒక్కసారి తిప్పి వదిలెయ్యమని టీచరమ్మతో చెప్పి, తను కింద పడుకుని చూశాడు. ఇంజను దగ్గిందో లేదో, ఫిల్టరు పక్కనుంచి నూనె తీగలా కారి నేలమీద పడింది. ఆపెయ్యమని అరిచి, ఫిల్టరు విప్పాడు. కొత్త ఫిల్టరు అంచుకి రింగు ఉంది. ఇంజనుకి ఇంకో రింగు ఉంది. సగం అంటుకుని, సగం నలిగి బయటికి వేలాడుతోంది.

ఆ ఫిల్టరు ఎవరు బిగించారని అడగాల్సిన పనిలేదు. మూడునాళ్ళ కిందటే ఆయన తుడిచి, వేలు తిప్పి చూసి, ఆపైన బిగించడం చిన్న మేస్త్రి కళ్ళారా చూశాడు. మరి ఆ వేలికి ఇది ఎలా తెలియలేదు? టీచరమ్మతో ఫిల్టరే బాగాలేదని, అలాంటివి అప్పుడప్పుడూ వస్తుంటాయని చెప్పాడు. పోనీలెండి, మీ బావగారి మాట వినబట్టి ఇంజను దక్కింది అందావిడ. ఆ మాటతో అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా అక్క ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు, షెడ్డు వెనక సందులోనే. సందు మధ్యలో బావ చెప్పు ఒకటి పడి ఉంది. రెండోది గుమ్మం మెట్టు మీద ఉంది. లోపల బావ గోడవైపు తిరిగి పడుకుని గురక పెడుతున్నాడు. మంచం మీంచి వేలాడుతున్న కుడిచేతి వేళ్ళ మీద బొబ్బలు. వేడి సైలెన్సరు తగిలినప్పుడు పొక్కే బొబ్బలు. మామూలు మనిషి అంతసేపు దాని మీద చెయ్యి ఉంచడు.

అక్కని వంటింట్లోకి పిలిచి రింగు సంగతి చెప్పాడు. ఆవిడ పొయ్యి గట్టు చివరిదాకా తుడిచింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. షుగరు వేళ్ళని తినేస్తోంది. కాలి చెప్పు ఊడిపోయినా ఆయనకి తెలియదు, ఒంటిచెప్పుతో ఇంటికొచ్చేస్తాడు, రెండోది ఆవిడ వెళ్ళి వీధిలోంచి ఏరుకొస్తుంది. చేతులూ అంతే. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టేది ఆవిడే. ఎవరికీ చెప్పనని తన మీద ఒట్టు వేయించుకున్నాడు.

"నాక్కూడానా అక్కా?" అన్నాడు చిన్న మేస్త్రి.

"ముందు నీకే చెప్పొద్దన్నాడురా. ఆ కారు సంగతి మాత్రం ఆయనకి తెలియనివ్వకు. పని చెడగొట్టానని తెలిస్తే మనిషి మిగలడు" అంది అక్క. ఆవిడ ఏనాడూ తమ్ముణ్ణి ఏమీ అడిగి ఎరగదు.

అలా చిన్న మేస్త్రి అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. చెబితే బావ ఏమైపోతాడో. చెప్పకపోతే రోడ్డు మీద ఎవరేమైపోతారో. చివరికి అతనికి తోచిన ఉపాయం ఇది. బావ భోజనానికి వెళ్ళగానే, పొద్దున బావ బిగించిన ఫిల్టర్లన్నీ విప్పి చూసి మళ్ళీ బిగించేవాడు. చాలావరకు సరిగ్గానే ఉండేవి. పాత రింగు ఎప్పుడో గానీ అంటుకోదు కదా. ఇదంతా నా చాదస్తమేమో అనుకుంటున్న రోజుల్లో అంబులెన్సు ఒకటి వచ్చింది. బావే నూనె మార్చాడు, బావే ఫిల్టరు బిగించాడు. మధ్యాహ్నం విప్పి చూస్తే లోపల పాత రింగు అంటుకునే ఉంది. డ్రైవరు బయట నిలబడి తొందరపెడుతున్నాడు. చిన్న మేస్త్రి దాన్ని గోటితో గీకి తీసి, ఫిల్టరు బిగించి పంపేశాడు. ఆ సాయంత్రమైనా చెప్పి ఉండాల్సింది. బావ ఆ పూట ఏదో హుషారుగా, పళ్ళ డాక్టరుని ఏడిపిస్తూ నవ్వుతున్నాడు. చెప్పలేకపోయాడు.

దొంగతనం ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు పెద్ద మేస్త్రి కళ్ళజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. తను అప్పుడే బిగించి వెళ్ళిన ఫిల్టరుని బావమరిది విప్పుతూ కనిపించాడు. ఏమిట్రా అంటే, కాస్త చెమ్మగా కనిపిస్తేనూ అని ఏదో నమిలాడు చిన్న మేస్త్రి. పెద్ద మేస్త్రి తిట్టలేదు. కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, పెద్ద మేస్త్రి షెడ్డులో ఒక పాత ఇంజను ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. విప్పి బల్లమీద పెట్టిన ఇంజను అది. ఫిల్టరు కూర్చునే గుండ్రటి చోటు బయటికే కనిపిస్తోంది. చేతిలో ఒక తువ్వాలు, ఒక పాత రింగు.

"కళ్ళకి గంతలు కట్టుకుంటా. నువ్వు రింగు పెడతావో, పెట్టవో నీ ఇష్టం. ఉందో లేదో నేను చెబుతా. సరిగ్గా చెప్పానో లేదో నువ్వు చెప్పు" అన్నాడు.

తువ్వాలు కట్టుకున్నాడు. చిన్న మేస్త్రి రింగుకి కాస్త గ్రీజు రాసి ఆ చోట అంటించాడు. బావ చూపుడువేలు మెల్లగా చుట్టూ తిరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు తిరిగింది. పగిలిన ఆ వేలు రింగు మీంచే పోతోంది, దాన్ని కాస్త కదిల్చింది కూడా.

"లేదు" అన్నాడు పెద్ద మేస్త్రి.

ఒక్క మాట. తప్పు బావా అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. తువ్వాలు కింద ఆ పెదాలు పసిపిల్లాడివిలా తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి.

"సరిగ్గా చెప్పావు బావా" అన్నాడు చిన్న మేస్త్రి.

మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి చిన్న మేస్త్రి రింగు తీసేశాడు. లేదన్నాడు బావ. అది నిజమే. సరిగ్గా చెప్పావన్నాడు. ఇంకోసారి అన్నాడు బావ. చిన్న మేస్త్రికి ఇంక చూసే ఓపిక లేదు. రింగుని ఉత్తినే చేతిలో పట్టుకుని, మొహం వీధివైపు తిప్పేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వెనకనుంచి ఉంది అని వినిపించింది. "ఉంది బావా, కరెక్టు" అన్నాడు, తిరిగి చూడకుండానే.

"ఇటు చూడు" అన్నాడు పెద్ద మేస్త్రి.

చూశాడు. బావ తువ్వాలు తీసేసి ఉన్నాడు. ఆయన వేలు ఇంజను మీద లేదు. తన మోకాలి మీద ఉంది.

"నేను వేలు పెట్టనే లేదురా."

ఫిల్టరు బాగాలేదన్నావే, ఆ టీచరమ్మ కారు కూడా ఇదేనా అని అడిగాడు బావ. తలూపాడు. ఇంకా ఏవి అన్నాడు. అంబులెన్సు అని చెప్పాడు. పెద్ద మేస్త్రి తన రెండు చేతుల్నీ ఒడిలో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"వేళ్ళు పోతున్నాయని నాకు తెలుసు. దాచాను. అది నా తప్పే. పోతే పోయాయి, వీడున్నాడు కదా, నా పని ఎక్కడైనా చెడితే మొహం మీదే చెబుతాడు అని ధైర్యం. ఆ ధైర్యంతోనే చెయ్యి పెడుతున్నానురా ఇన్నాళ్ళూ. నువ్వూ నాకు కావలసిందే చెబితే, ఇంక నాకు ఎవరు చెబుతారు?"

ఆ రోజునుంచి పెద్ద మేస్త్రి ఏ ఇంజను మీదా చెయ్యి వెయ్యలేదు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళని ఎప్పటిలాగే తిడుతూ, టీ తెప్పిస్తూ కూర్చునేవాడు. చిన్న మేస్త్రి ఫిల్టరు విప్పినప్పుడు, చుట్టూ చూశావా అని అక్కడినుంచే అడిగేవాడు. చూశాను బావా అంటే తలూపేవాడు. తలూపి, లేచి వచ్చి, పళ్ళ డాక్టరు దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న అద్దం ఇంజను వెనక్కి దూర్చి, టార్చి వేసి తను చూసుకునేవాడు. కన్ను ఆశపడుతుందన్న మనిషి, ఇప్పుడు బావమరిది మాట కంటే ఆ కన్నే మేలనుకున్నాడు. చిన్న మేస్త్రి పక్కకి తప్పుకుని నిలబడేవాడు. నాకు నిజం చెప్పడం వచ్చు బావా, ఒక్కసారి నమ్మి చూడు అనాలని ఉండేది. ఏ మొహంతో అంటాడు?

తర్వాతి ఏడాది పెద్ద మేస్త్రి అరికాల్లో మేకు దిగింది. దిగిన సంగతి ఆయనకి తెలియలేదు. గదిలో నేలమీద నెత్తుటి అడుగులు చూసి అక్క కేకేసింది. పుండు పడింది, చీము పట్టింది. ఆసుపత్రిలో కోసి శుభ్రం చేసి, నల్లబడితే మాత్రం పాదం తీసెయ్యక తప్పదని చెప్పి ఇంటికి పంపారు. అక్కకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు. రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్ళేముందు చిన్న మేస్త్రే వచ్చి కట్టు విప్పి, కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టేవాడు. బావకి తన అరికాలు కనిపించదు. ముట్టుకుంటే తెలియదు. పైకప్పు వైపు చూస్తూ పడుకుని, ఎలా ఉంది అని అడిగేవాడు. చిన్న మేస్త్రి ఉన్నది ఉన్నట్టే చెప్పేవాడు. ఇవాళ చీము ఎక్కువగా ఉంది బావా అనేవాడు. ఇవాళా అలాగే ఉంది అనేవాడు. ఒక్క అబద్ధం చెప్పలేదు. అలాంటి మాటలు విని బావ ఊఁ కొట్టేవాడు.

ఒకరోజు పొద్దున కట్టు విప్పేసరికి దూది ఆరిపోయి ఉంది. పుండు అంచుల్లో కొత్త చర్మం, గులాబీరంగులో, పల్చగా. చిన్న మేస్త్రి కిటికీ తలుపు పూర్తిగా తెరిచి, పాదాన్ని వెలుగులోకి తిప్పి మళ్ళీ చూశాడు. ఎన్నాళ్ళకో అతనికి మనసు తేలికపడింది. నవ్వొచ్చింది కూడా.

"మానుతోంది బావా" అన్నాడు.

పెద్ద మేస్త్రి పైకప్పు మీంచి చూపు దించి, బావమరిది మొహంలోకి చూశాడు.

"నిజంగానే బావా. చీము లేదు. చర్మం వస్తోంది."

"సరేలే" అన్నాడు ఆయన, మెత్తగా, నొప్పించకూడదన్నట్టు. తర్వాత వంటింటి వైపు తల తిప్పి, "ఏమేవ్, ఒకసారి ఇలా వచ్చి చూసి చెప్పు" అని పిలిచాడు.

అక్క వచ్చింది. గోడ పట్టుకుని, మంచం కోడు పట్టుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా కింద కూర్చుని, పాదం దగ్గరికి వంగి చూసింది. అవునండీ, మానుతోంది అంది. అప్పుడు పెద్ద మేస్త్రి కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ కళ్ళ చివరల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. చిన్న మేస్త్రి అక్కని లేవనెత్తి నిలబెట్టి, మళ్ళీ కూర్చుని కట్టు కట్టసాగాడు.